పచ్చదనం పేరుతో మరో చాకిరీనా?

'ఇంటికి దీపం ఇల్లాలు' అన్నారు పెద్దలు. ఈమధ్య ఆ దీపానికి కొత్త పని ఒకటి అప్పగించారు. ఇల్లే కాదు, భూగోళాన్ని కూడా ఆవిడే కాపాడాలట! ఏ సభకు వెళ్లినా, ఏ పత్రిక తిరగేసినా ఇవే సలహాలు. పాత చీరలతో సంచులు కుట్టండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయండి. కూరగాయల తొక్కలతో ఎరువు తయారు చేయండి. గిన్నెలకు కుంకుడు రసం, ప్యాకెట్ల బదులు ఇంట్లో కొట్టుకున్న కారాలూ పొడులూ... అన్నీ మంచి మాటలే. ఒక్కదాన్నీ కాదనడానికి లేదు. కానీ ఈ వాక్యాలన్నిటికీ కర్త ఎవరో గమనించారా? కుట్టేది, వేరు చేసేది, నానబెట్టేది, దంచేది ఎవరు?

"ఇంకెవరు, మీరే!" అంటారు మావారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

నేను డిగ్రీ చదివి ఇంటిపట్టున ఉంటున్నదాన్ని. మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే కథలు రాసుకుంటాను. ఆ కాస్త తీరిక ఎంత కష్టం మీద దొరుకుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఎవరైనా 'రోజుకి పది నిమిషాలే కదమ్మా' అన్నారంటే, ఆ పది నిమిషాలూ ఎవరి ఖాతాలోంచి తీయాలండీ అని అడగాలనిపిస్తుంది.

ఇది నా ఒక్కదాని గోడు కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో దేశమంతటా ఒక సర్వే చేయించింది. మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో లెక్కవేసే సర్వే అది. జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికోసం రోజుకి సగటున 289 నిమిషాలు ఖర్చుపెడుతున్నారని తేలింది. అంటే దాదాపు అయిదు గంటలు. మరి మగవాళ్లు? 88 నిమిషాలు. అదైనా ఇంటిపని చేసేవాళ్ల లెక్క మాత్రమే సుమా! అసలు ఆ పనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లే నూటికి 27 మంది. ఇలా ఉన్న ఇంట్లోకి 'పర్యావరణం' అనే కొత్త పనిని తెచ్చి గుమ్మంలో పెడితే, అది ఎవరి నెత్తికి చేరుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

అలాగని పర్యావరణం సంగతి మనకెందుకని ఊరుకోగలమా? ఏటేటా ముదిరిపోతున్న ఎండల్లో మండేది మన వంటిళ్లే. నీళ్లు రాకపోతే ముందు బిందె పట్టుకునేదీ మనమే. కాబట్టి చేయాల్సిందే. అయితే ఏది చేయాలి, ఎవరు చేయాలి అన్నది మాత్రం ఆలోచించి చేయాలి. ఒక ఇల్లాలి ఓపిక మీద నడిచే మార్పు ఆవిడకు జ్వరం వచ్చిన రోజున ఆగిపోతుంది. ఇంటిల్లిపాదీ పంచుకున్న మార్పే పదికాలాలపాటు నిలుస్తుంది.

అందుకే నేను ఏ సలహా విన్నా మూడు ప్రశ్నలు వేసుకుంటాను. దీనివల్ల మేలెంత? పని ఎంత? చేసేదెవరు? ఈ మూడింటి జల్లెడలోంచి ఏవి నిలిచాయో చెబుతాను. మీ ఇంటికి పనికొస్తాయేమో చూడండి.

అమ్మమ్మ కాలం అంత చల్లనిదా?

పర్యావరణం మాట రాగానే "మా అమ్మమ్మల కాలంలో ఇవన్నీ ఉన్నవే" అనడం మనకు అలవాటు. నిజమే. కృష్ణా జిల్లాలో మా అమ్మమ్మగారింట్లో చెత్తబుట్ట అనేదే ఉండేది కాదు. కూరగాయల తొక్కలు గేదెకు, పేడ పెంటకుప్పకు, పొయ్యిలో బూడిద గిన్నెలకు, బీరపీచు ఒళ్లు రుద్దుకోవడానికి. భోజనాలు విస్తరాకుల్లో. పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంత కిందా, పైనా.

కానీ ఆ ఇంట్లో అమ్మమ్మ నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదు. బూడిదతో తోమీ తోమీ ఆవిడ అరచేతులు గరుకు కాగితంలా ఉండేవి. కట్టెల పొయ్యి పొగకు కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతూనే ఉండేవి. ఆ పొగ ఊపిరితిత్తులకు చేసే చేటు ఎంతటిదో ఇప్పుడు వైద్యులంతా చెబుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో ప్రకృతికి జరిగిన మేలు వెనక ఆ చేతులున్నాయి. ఆ మాట మరిచిపోయి 'పాత రోజులే నయం' అంటే ఎలా?

ఇంకో సంగతి కూడా ఉంది. ఇప్పుడు చాలా ఇళ్లలో గిన్నెలు తోమేది ఇల్లాలు కాదు, పనిమనిషి. పౌడరు మానేసి బూడిద, చింతపండు అని మనం సరదాపడితే అరచేతులు అరిగేది ఆవిడకి. ఒక ఆడదాని చాకిరీ తప్పించి దాన్ని అంతకన్నా లేని ఆడదాని చేతికి ఇవ్వడం మార్పు అనిపించుకోదు. అందుకని పాతవాటిలో తేలిగ్గా కుదిరేవి మాత్రం తీసుకుందాం. బీరపీచు ప్లాస్టిక్ స్క్రబ్బరు కన్నా ఏ విధంగానూ తక్కువది కాదు. ఎండిన ముదురు బీరకాయ తొక్క తీసి, గింజలు దులిపి, ముక్కలు చేసుకుంటే చాలు. ఇందులో అదనపు చాకిరీ ఏముంది?

రెండు బుట్టలు - పెద్ద పని

ఇంట్లో ఒక్క మార్పు మాత్రమే చేయగలనని మీరంటే, తడి చెత్తా పొడి చెత్తా వేరు చేయండి అంటాను. ఎందుకంటే ఇందులో పడే శ్రమకన్నా జరిగే మేలు ఎన్నో రెట్లు ఎక్కువ.

మన ఊళ్లలో పోగయ్యే చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అన్నం, తొక్కలు, టీ పొడి, పూలు. ఇవి మట్టిలో కలిస్తే ఎరువు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి డంపుయార్డు గుట్ట కింద పడేస్తే గాలి ఆడక కుళ్లి మీథేన్ వాయువు పుడుతుంది. ఇరవై ఏళ్ల లెక్కలో చూస్తే, భూమిని వేడెక్కించడంలో మీథేన్ బొగ్గుపులుసు వాయువు కన్నా ఎనభై రెట్లు బలమైనదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ గుట్టలకు నిప్పు అంటుకునేదీ ఈ వాయువు వల్లే. ఇక కారే మురుగు భూమిలోకి ఇంకి బావుల్నీ, చెరువుల్నీ పాడుచేస్తుంది. హైదరాబాద్ చెత్త దశాబ్దాలుగా చేరుతున్న జవహర్‌నగర్ చుట్టుపక్కల వాళ్లను అడిగితే ఆ వాసన సంగతీ, ఆ నీళ్ల సంగతీ చెబుతారు. మనం ముక్కు మూసుకుని బయట పెట్టే సంచి, ఇంకొకరి గుమ్మం ముందు తెరుచుకుంటుందన్నమాట.

అంతకన్నా దగ్గరి సంగతి ఒకటుంది. రోజూ పొద్దున్నే చెత్తబండితో వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎంతోమంది. మనం అన్నీ కలిపేసి ఇచ్చిన చెత్తను వాళ్లు ఒట్టి చేతులతో వేరుచేస్తారు. పాచిపోయిన కూరలో పగిలిన గాజు ముక్క, వాడేసిన బ్లేడు, ఇంజెక్షన్ సూది... గుచ్చుకున్నాక ఎవరిని అడగాలి? మన వంటింట్లో అర నిమిషంలో అయ్యే పనిని అక్కడ ఇంకో ఆడది గంటల తరబడి చేస్తోంది.

ఇది మనవల్ల అయ్యే పనేనా అన్న అనుమానం వద్దు. 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే, అప్పటి నల్గొండ జిల్లాలో ఉన్న సూర్యాపేట మున్సిపాలిటీ చేసి చూపించింది. ఇంటింటికీ రెండు బుట్టలు ఇచ్చి చెత్త వేరుగా సేకరించి, తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చి, పొడి చెత్తను అమ్మి దేశమంతా తనవైపు చూసేలా చేసుకుంది. ఆ తర్వాత 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు ప్రతి ఇల్లూ తడి, పొడి, ప్రమాదకరమైన చెత్త అని మూడు రకాలుగా వేరుచేసి ఇవ్వాలన్నాయి.

మా అపార్ట్‌మెంటులో ఈ విషయం మీద మీటింగు పెట్టారు. కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. మేం నలుగురైదుగురం వెనక నిలబడ్డాం. అందరూ చప్పట్లు కొట్టి తీర్మానం చేశాక, సెక్రటరీగారు మావైపు తిరిగి, "ఇహ మిగతాది లేడీస్ చూసుకుంటారు" అన్నారు.

పై అంతస్తులో ఉండే పిన్నిగారు రిటైర్డ్ టీచరు. ఆవిడ వెంటనే, "చూసుకుంటాం బాబూ. వేరు చేయడం వరకు మేం చూస్తాం. కిందికి తీసుకెళ్లి ఇవ్వడం, బుట్ట కడగడం మీరు చూడండి. తీర్మానంలో అది కూడా రాయండి" అన్నారు.

నవ్వులు వినపడ్డాయి కానీ, రాయక తప్పలేదు. ఇప్పుడు మా ఫ్లోరులో పొద్దున ఏడింటికి బుట్టలతో లిఫ్టు దగ్గర నిలబడేది మగవాళ్లే. మొదట్లో మొహాలు చాటేసుకున్నారు. ఇప్పుడు అక్కడే క్రికెట్ కబుర్లు!

చేసే పద్ధతి చాలా సులువు. వంటగట్టు కింద మూతున్న చిన్న బుట్ట తడి చెత్తకి. అందులో ప్లాస్టిక్ కవరు వేయొద్దు, అడుగున పాత పేపరు పరిస్తే చాలు. కాగితాలు, సీసాలు, డబ్బాలు వేయడానికి హాల్లో ఓ సంచి. పాల ప్యాకెట్లు ఒకసారి నీళ్లలో తొలిచి ఆరేస్తే చాలాచోట్ల పాతసామాన్ల వాళ్లు తీసుకుంటారు. ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్క తెగిపోకుండా అంటిపెట్టుకుని ఉండేలా చూడండి. ఆ చిన్న ముక్క ఒకసారి ఊడి పడిందంటే ఏ బుట్టలోకీ చేరదు. బ్లేడ్లు, సూదులు, గడువుతీరిన మందులు, పాత సెల్లులు వేరే డబ్బాలో పెట్టి, ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఇవ్వండి.

ఎరువు తయారీ మాత్రం ఇంట్లో ఎవరికైనా మొక్కల మీద సరదా ఉంటేనే పెట్టుకోండి. అడుగున, పక్కన చిల్లులు పెట్టిన బకెట్టు చాలు. ఒక పొర తొక్కలు, ఒక పొర ఎండుటాకులు లేదా కొబ్బరిపొట్టు. మధ్యమధ్య గుప్పెడు పాత మట్టి, కాస్త పుల్లమజ్జిగ. వారానికి రెండుసార్లు కలియబెట్టాలి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని అర్థం. ఇంకో గుప్పెడు ఎండుటాకులు వేస్తే సరి. రెండుమూడు నెలల్లో నల్లటి ఎరువు చేతికొస్తుంది. మా ఇంట్లో ఆ శాఖ ఆరో తరగతి చదివే మా అబ్బాయిది. తన బంతి మొక్క పూసిన రోజున వాడి గొప్ప చూడాలి!

'పారేయకూడదు' అంటే ఎవరు తినాలి?

అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటాం. మరి ప్రపంచంలో ఎంత అన్నం చెత్తకుప్ప పాలవుతోందో తెలుసా? ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో 105 కోట్ల టన్నుల తిండి వృథా అయింది. అందులో నూటికి 60 వంతులు ఇళ్లలోనే. మన దేశంలో ఇళ్లలో మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని అదే నివేదిక అంచనా. కిలో బియ్యం పండడానికి వేల లీటర్ల నీళ్లు కావాలి. ఆపైన ఎరువు, కరెంటు, లారీ డీజిలు, మన గ్యాసు. గిన్నెడు అన్నం పారబోస్తే వాటన్నిటినీ పారబోసినట్టే.

ఇక్కడ మన ఇళ్లలోని ఒక రహస్యం బయటపెట్టాలి. 'పారేయకూడదు' అని అందరూ అంటారు. మిగిలింది తినేది మాత్రం ఇల్లాలు. రాత్రి కూర, పొద్దుటి ఉప్మా అడుగు, పిల్లలు వదిలేసిన పెరుగన్నం... అన్నీ ఆవిడ కంచంలోకే. వృథా కాలేదని అందరికీ తృప్తి. ఆవిడ కడుపేమన్నా చెత్తబుట్టా? బరువు, షుగరు అంటూ డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా ఈ లెక్క ఎవరికీ గుర్తురాదు.

అసలు మందు మిగిలింది తినడం కాదు, మిగలకుండా వండడం. దానికి కావలసింది వంటమనిషి నేర్పు కాదు, తినేవాళ్ల మాట. రాత్రికి ఎవరు ఇంట్లో తింటారు, ఎవరు బయట తినేసి వస్తారు అన్నది సాయంత్రం అయిదింటికల్లా చెప్పాలి. మా ఇంట్లో చెప్పకపోతే ఆ మనిషి లెక్కలో లేనట్టే. ఒకరోజు మావారు చెప్పకుండా వచ్చి మజ్జిగ తాగి, అరటిపండు తిని పడుకున్నారు. మర్నాటి నుంచి నాలుగున్నరకే ఫోను మోగుతోంది.

ఇక వడ్డన సంగతి. చుట్టాలొస్తే వద్దన్నకొద్దీ వడ్డించడం మన మర్యాద. దాన్ని మార్చమంటే మా అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. "వచ్చినవాళ్లకి తృప్తిగా పెట్టకపోతే ఎలాగమ్మా?" అన్నారు. "పెడదాం అత్తయ్యగారూ, తొలి వడ్డన కొంచెమే వేసి, అడిగినన్నిసార్లు వడ్డిద్దాం" అన్నాను. అలా చేసి చూశాక ఆవిడే, "విస్తట్లో వదిలేయడం తగ్గిందే!" అన్నారు.

తొక్కల్ని రుచిగా మార్చే విద్య మనకు కొత్తది కాదు. బీరపొట్టు పచ్చడి, సొరకాయ తొక్కు పచ్చడి, అరటిదూట పెరుగుపచ్చడి తెలియని తెలుగిల్లు ఉందా? పుచ్చకాయలో ఎర్రభాగం తిన్నాక మిగిలే తెల్లభాగం పప్పులో వేస్తే అచ్చం సొరకాయలా ఉంటుంది. వేసవిలో చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయకు మించిన పలహారం లేదు. అది అందరికీ పలహారమైతేనే సుమా, ఇల్లాలి ఒక్కదానికీ కాదు!

ఒక్కసారి చేసి మరిచిపోయేవి

నాకు అన్నిటికన్నా నచ్చినవి ఇవే. రోజూ పని ఉండదు. ఒక్కసారి పూనుకుంటే ఏళ్ల తరబడి మేలు జరుగుతూనే ఉంటుంది.

ఫ్యాన్లు చూడండి. మన ఇళ్లలో తిరిగే పాతరకం సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ రకం ఫ్యాను 30 వాట్ల చిల్లరతో అంత గాలీ ఇస్తుంది. రోజుకి పదిహేను గంటలు తిరిగితే, ఒక్క ఫ్యాను మీదే నెలకు ఇరవై యూనిట్ల దాకా ఆదా. మన దేశంలో కరెంటు ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది కాబట్టి, ఆ మేరకు బొగ్గు మిగిలినట్టే. ధర ఎక్కువే. పాత ఫ్యాను పాడైనప్పుడల్లా ఒక్కొక్కటీ మార్చుకుంటే భారం తెలియదు.

ఏసీ ఉన్నవాళ్లు 24 డిగ్రీలకు పెట్టి, పైన ఫ్యాను వేసుకుంటే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ చెబుతోంది. కొత్తగా అమ్మే గది ఏసీలు 24 దగ్గరే మొదలయ్యేలా ఉండాలని 2020 నుంచి నిబంధన కూడా తెచ్చారు. 18కి పెట్టి దుప్పటి కప్పుకోవడంలో ఏం సుఖముందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

నీళ్ల సంగతికొస్తే, హైదరాబాద్‌లో కుళాయి తిప్పితే వచ్చే కృష్ణా, గోదావరి నీళ్లు వంద కిలోమీటర్ల పైనుంచి మోటార్లతో తోడి తెచ్చినవి. అంటే నీళ్లు పారబోస్తే కరెంటు పారబోసినట్టే. గిన్నెలు కడిగే కుళాయికి గాలి కలిపి నీళ్లు వదిలే చిన్న జల్లెడ మూత దొరుకుతుంది. ప్లంబరు అయిదు నిమిషాల్లో బిగిస్తాడు. నీళ్లు బాగా ఆదా అవుతాయి, చిందడమూ తగ్గుతుంది. ఆర్వో ఫిల్టరు చాలా ఇళ్లలో లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. ఆ గొట్టం ఒక బకెట్టులో పెట్టండి. ఇల్లు తుడవడానికీ, బాత్‌రూములు కడగడానికీ ఆ నీళ్లు పనికొస్తాయి. నిండిన బకెట్టు మోసేది ఎవరన్నది కూడా ఆ రోజే తేల్చుకోండి!

కందిపప్పు, శనగలు నానబెట్టి వండడం, కుక్కరు వాడటం, ఉడుకు పట్టాక మంట తగ్గించడం మనకు తెలిసినవే. ఇవి మన పని తగ్గించి గ్యాసునూ తగ్గిస్తాయి. ఇలా ఇద్దరికీ లాభం ఉన్నవాటినే ముందు పట్టుకోవాలి.

ఆ నాలుగు రోజుల సంగతి

ఇది పైకి మాట్లాడుకోని విషయం. కానీ ఆడవాళ్ల పేజీలో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడుకుంటాం? మనం వాడే ప్యాడ్లలో చాలావాటిలో ప్లాస్టిక్ ఉంటుంది. మట్టిలో కరగదు, కాలిస్తే విషవాయువులు. అందుకని గుడ్డ ప్యాడ్లు, సిలికోన్ కప్పులు వాడమంటున్నారు. కప్పు ఒకటి కొంటే జాగ్రత్తగా వాడుకున్నవాళ్లకు ఏళ్ల తరబడి వస్తుంది. అలవాటైనవాళ్లు ఇంతకన్నా హాయి లేదంటారు.

అయితే గుడ్డలు ఉతకాలంటే నీళ్లు కావాలి. ఎండలో ఆరేయడానికి చాటు కాని చోటు కావాలి. కప్పు మరిగించి శుభ్రం చేసుకునే వీలుండాలి. హాస్టల్లో ఉండే పిల్లకీ, రోజంతా షాపులో నిలబడి పనిచేసే అమ్మాయికీ ఇవన్నీ ఎక్కడివి? తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్కూల్లో ఏదో ఉపన్యాసం విని వచ్చి, "అమ్మా, నేను ప్యాడ్ వాడితే భూమి పాడవుతుందా?" అని అడిగింది. నాకు మనసు చివుక్కుమంది. "ముందు నీ ఆరోగ్యం, నీ సౌకర్యం. పెద్దయ్యాక నీకు కుదిరింది నువ్వే ఎంచుకో" అన్నాను. ఆడపిల్ల తన శరీరాన్ని చూసి నేరం చేసినట్టు తలదించుకునేలా ఏ ఉద్యమమూ చేయకూడదు.

అందరం చేయగలిగింది ఒకటుంది. వాడిన ప్యాడును పాత పేపరులో చుట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి విడిగా ఇవ్వడం. పుణె, బెంగళూరు వంటి చోట్ల ఈ ఎర్రచుక్క పద్ధతి మొదలైంది. చుక్కను చూస్తే లోపల ఏముందో చెత్త తీసుకునేవాళ్లకు తెలుస్తుంది. విప్పి చూడాల్సిన అవస్థ తప్పుతుంది. ఒక చుక్క పెట్టడానికి ఎంతసేపు?

ఫంక్షను చేసేదెవరు?

రోజూ ఇంట్లో ఎంత జాగ్రత్తపడినా, ఒక్క ఫంక్షనుతో అదంతా తుడిచిపెట్టుకుపోతుంది. చిన్న నీళ్ల సీసాలు గుట్టలు గుట్టలు, సగం తాగి పారేసినవి. టేబుల్ మీద పరిచే ప్లాస్టిక్ చుట్ట. ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. 120 మైక్రాన్ల కన్నా పలచని క్యారీబ్యాగులు అదే ఏడాది చివరి నుంచి నిషేధం. అయినా ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉన్నాయి. 'కాగితం గ్లాసే కదా' అనుకునేవాటిలో చాలావాటికి లోపల పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది.

దీనికి సిద్దిపేటలో మంచి ఉపాయం కనిపెట్టారు. ఫంక్షన్లకు స్టీలు కంచాలు, గ్లాసులు అద్దెకిచ్చే 'స్టీలు బ్యాంకు'లు పెట్టారు. మహిళా సంఘాలున్న ఏ ఊళ్లోనైనా ఇది చేయవచ్చు. సంఘానికి రాబడి, ఊరికి శుభ్రం. పాతికమంది వచ్చే నోములు, పుట్టినరోజులకు నలుగురు స్నేహితురాళ్లు కలిసి కంచాలు కొని వంతులవారీగా వాడుకున్నా చాలు. కాకపోతే కడిగే మనిషికి కూలి ముందే ఖర్చులో వేసుకోండి. అది కూడా ఇంటి ఆడవాళ్ల మీదే పడేస్తే మళ్లీ మొదటికొస్తాం.

పెద్ద ఫంక్షన్ల బేరాలు మాట్లాడేది ఎక్కువగా మగవాళ్లు. కేటరింగు మనిషితో మాట్లాడే రోజునే 'సీసాలు వద్దు, క్యాన్లు పెట్టి స్టీలు గ్లాసులు పెట్టండి' అన్న ఒక్కమాట అనిపించండి. ఏడాది పొడుగునా మీరు కుట్టే గుడ్డసంచుల కన్నా ఆ ఒక్కమాట ఎక్కువ పనిచేస్తుంది.

గడప దాటి అడగాల్సినవి

చివరగా ఒక మాట. అన్నీ ఇంట్లోనే సరిచేయలేం. షాంపూ, కాఫీపొడి చిన్న ప్యాకెట్లు పొరలు పొరలుగా అతికించి చేసినవి. వాటిని మనం ఎంత శుభ్రంగా కడిగి ఇచ్చినా తిరిగి వాడుకోవడం కష్టం. అలాంటి ప్యాకింగును వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2016లో వచ్చిన ప్లాస్టిక్ నిబంధనలే చెప్పాయి. కంపెనీ తీసుకోవాల్సిన బాధ్యతను మనమే మోస్తూ, 'నా వల్లే భూమి పాడవుతోంది' అని బాధపడటం ఎందుకు?

మనం వేరుచేసి ఇచ్చిన చెత్త బండిలో మళ్లీ కలిసిపోతుంటే మున్సిపాలిటీని అడగాలి. ఒక్కరు అడిగితే వినరేమో, ఫ్లోరంతా సంతకం పెట్టి ఇస్తే వింటారు. ఓట్ల కోసం గుమ్మంలోకి వచ్చినవాళ్లను రోడ్లు, పింఛన్లతో పాటు ఇదీ అడగాలి. వంటింట్లో చేసే పది పనులకన్నా బయట అడిగే ఒక్క ప్రశ్నకు ఎక్కువ బలం ఉంటుంది.

ఇంతకీ ఎక్కడ మొదలుపెట్టాలంటారా? ఈ ఆదివారం కాఫీలు అయ్యాక ఒక కాగితం తీసుకుని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టండి. ఎడమవైపు పనులు రాయండి. తడిబుట్ట కిందికి తీసుకెళ్లడం, పాల ప్యాకెట్లు కడగడం, ఆర్వో బకెట్టు, ఎరువు కలపడం, గుడ్డసంచి స్కూటర్ డిక్కీలో పెట్టడం. కుడివైపు పేర్లు రాయండి. ఒక్క నియమం మాత్రం పాటించండి. ఏ పేరూ రెండుసార్లకు మించి రాకూడదు.

రాశాక ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించండి. 'అమ్మ' అన్న పేరు ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే బాధ్యత ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లకి అప్పగించండి. వాళ్ల లెక్క ఎప్పుడూ తప్పదు!